చెయిర్మన్ గారి ద్వారా మా బావగారికి

1983 మార్చి నెల, రెండో మంగళవారం, ఉదయం పది గంటల పది నిమిషాలు. గోడ గడియారం నాకు ఎదురుగానే ఉంది. అక్షరాలకంటే ముందు నాకు వచ్చిన చదువు గడియారం చూడటమే కాబట్టి ఆ టైములో పొరపాటు లేదు. అమెరికాలో మేముండే రాష్ట్రం శాసనసభలో ఒక కమిటీ గదిలో నా పేరు పిలిచారు. లేచి సాక్షుల టేబుల్ దగ్గరికి వెళ్ళాను. అక్కడ రెండు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో మా బావగారు కూర్చుని ఉన్నారు. నేను కూర్చోలేదు.

ఇంతవరకు చెబితే మా మనవరాలు "సో వాట్, అమ్మమ్మా?" అంది. అందుకని మొదటినుంచీ చెప్పాలి.

నలభయ్యో ఏడు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. మా నాన్న కౌలు రైతు. ఆడపిల్లని బడికి పంపిస్తే కలుపు ఎవరు తీస్తారన్నాడు. మేనరికం చేసి అత్తింటికి పంపాడు. ఆ ఇంట్లో చదువంతా పెద్దకొడుక్కే పట్టింది. ఆయన డాక్టరై అమెరికా వచ్చి, ట్రాయ్ అనే ఊళ్ళో స్థిరపడి, తమ్ముణ్ణి స్పాన్సర్ చేశారు. అలా మా ఆయన వెంట నేనూ వచ్చాను. మా ఆయనకి కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ప్రెస్సు మీద పని. నాకు ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కింది. చర్చి బేస్‌మెంట్‌లో పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పుతున్నారంటే వెళ్ళాను. అక్కడ దొరికింది మా టీచరమ్మ. నేను ముందు ఏబీసీడీలు నేర్చుకుని, ఆ తర్వాత చాలా ఏళ్ళకి గుళ్ళో ఆదివారం క్లాసులో చిన్నపిల్లల పక్కన కూర్చుని అఆఇఈలు దిద్దాను. ఇది తలకిందుల వ్యవహారమని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఇప్పుడు ఈ వ్యాసం రాస్తున్నది నేనే.

డెబ్భైల చివర్లో టీచరమ్మ ఎన్నికల్లో నిలబడి రాష్ట్ర శాసనసభకి గెలిచింది. గెలిచిన వారానికే నన్ను పిలిచి తన ఆఫీసులో పని చెయ్యమంది.

"నాకు సరిగ్గా చదవడమే రాదు కదా."

"చదివేవాళ్ళు నాకు బోలెడుమంది ఉన్నారు. తలుపు కొట్టి లోపలికి వెళ్ళి కూర్చునేవాళ్ళు లేరు."

అదీ నా ఉద్యోగం. తలుపులు కొట్టడం, వాళ్ళిచ్చిన చేదు కాఫీ తాగడం, విన్నది వచ్చి ఆవిడకి చెప్పడం. దీనికి తోడు ఇంకో పని కూడా అప్పగించింది. సభలో ఆవిడ మాట్లాడే రోజున గ్యాలరీ ముందు వరసలో నేను చీర కట్టుకుని కూర్చోవాలి. ఆవిడ మాట నాకు అర్థం కాకపోతే బుగ్గన చెయ్యి పెట్టుకోవాలి. చూసిందంటే అదే విషయాన్ని ఇంకా తేలికగా చెప్పేది. "నీకు అర్థమైతే రాష్ట్రమంతటికీ అర్థమైనట్టే" అనేది. ఇది పొగడ్తా తిట్టా అని నేనెప్పుడూ అడగలేదు.

మొట్టమొదటిసారి సభ చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇద్దరు సభ్యులు పక్కపక్కనే ఉండి పోట్లాడుకుంటున్నారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. "స్పీకర్ గారూ, ఆ సభ్యుడు చెప్పింది తప్పు" అని ఒకాయన. "స్పీకర్ గారూ, ఆ సభ్యుడికి తెలీదని నా మనవి" అని ఇంకొకాయన. బయటికొచ్చాక టీచరమ్మతో, "మీ సభా మా ఇల్లూ ఒకటే" అన్నాను.

అదెలాగో చెప్పాల్సి వచ్చింది. మా వైపు భర్త అన్నగారి ఎదుట కోడలు కూర్చోదు. ఆయనతో నేరుగా మాట్లాడదు. ఆయనా మాట్లాడరు. ఏం కావాలన్నా మధ్యలో ఒక మనిషి ఉండాలి. మాకు ఆ స్పీకరు మా ఆయన. అమెరికా వచ్చినా ఈ వరస మారలేదు. ట్రాయ్‌లో మా బావగారింటికి భోజనానికి వెళితే ఆయన తమ్ముణ్ణి చూస్తూ, "ఏరా, మీ ఆవిడ చేసిన పచ్చడి బాగుంది" అనేవారు. మా ఆయన నా వైపు తిరిగి, "పచ్చడి బాగుందట" అనేవాడు. టీచరమ్మ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది.

ఇక అసలు సంగతి. మేముండేది మొబైల్ హోమ్ పార్కులో. ఇక్కడ పార్కంటే ఉయ్యాలలూ జారుడుబల్లలూ ఉండే పార్కు కాదు. ఒక ఆసామి పొలమంత స్థలం తీసుకుని ముక్కలు చేసి లీజుకిస్తాడు. ఆ ముక్క మీద మనం కొనుక్కున్న రేకుల ఇల్లు తెచ్చి పెట్టుకుంటాం. ఇల్లు మనది, నేల ఆయనది. పేరుకి దానికి చక్రాలుంటాయి. ఒకసారి దించాక ఆ చక్రాలు తుప్పు పట్టి మట్టిలో కూరుకుపోతాయి. లీజు నెలనెలా నడిచేది. ఏ నెలైనా సరే, కారణం చెప్పకుండా ఇల్లు తీసుకుపొమ్మనే హక్కు యజమానికి ఉండేది. మా నాన్న కౌలు కూడా ఇంతే. కాకపోతే మా నాన్న పోగొట్టుకున్నది పంట. ఇక్కడివాళ్ళు పోగొట్టుకునేది ఇల్లు.

టీచరమ్మ ఈ విషయం మీద మొదటి బిల్లు 1981లో పెట్టింది. కారణం లేకుండా ఖాళీ చేయించకూడదు, అంతే బిల్లు. ఆ రోజు సభలో ఆవిడ లేచి, "ఈ గదిలో ఎంతమందికి తమ ఇంటిని తోకలాగా వెంటేసుకుని పోవడం చేతనవును?" అని అడిగింది. క్లాసులో పిల్లల్ని అడిగినట్టే అడిగేది ఎవరినైనా. నాకు బాగా అర్థమైంది. కానీ ఆ రోజు నాకు పన్నుపోటు. తెలియకుండానే చెయ్యి బుగ్గ మీదికి పోయింది. ఆవిడ చూసింది. మళ్ళీ చెప్పింది. నా చెయ్యి అక్కడే ఉంది. ఇంకా తేలిక చేసి మూడోసారి చెప్పింది. ఒక సభ్యుడు లేచి, "స్పీకర్ గారూ, సభ్యురాలు మమ్మల్ని ఒకటో క్లాసుకి దించేశారు, ఇంటర్వల్ ఎప్పుడిస్తారో కనుక్కోండి" అన్నాడు. సభంతా గొల్లుమంది. బిల్లు పోయింది. పన్నుపోటు వల్లే పోయిందని అనను. ఓట్లు అంతకుముందే లేవు. కానీ దంతవైద్యుడి దగ్గరికి నన్ను టీచరమ్మ స్వయంగా తీసుకెళ్ళింది.

ఆ తర్వాత మా పార్కు అమ్మకానికొచ్చింది. ఆ ముక్క వాళ్ళ అన్నగారి చెవిన వేసింది మా ఆయనే. "మంచి పార్కు అన్నయ్యా, మనుషులు నెమ్మదస్తులు" అన్నాడట. మా బావగారు, ఇంకో ముగ్గురు తెలుగు డాక్టర్లు కలిసి కొనేశారు. టాక్సులో కలిసొస్తుందని వాళ్ళకెవరో చెప్పారు. నలుగురిలో ఒక్కరూ అక్కడ కాలుపెట్టింది లేదు. మా బావగారింటికి కూడా ఎప్పుడూ మేమే వెళ్ళేవాళ్ళం. అంతా మేనేజరే.

ఆ మేనేజరు ఆ చలికాలంలో మా పక్కింటి ముసలామెకి నోటీసిచ్చాడు. ఇల్లు పాతదైపోయింది, పార్కు అందం పాడవుతోంది, మే నెల లోపల తీసుకుపోవాలి. ఆవిడ పోలండ్ మనిషి. భర్త కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి పోయాడు. ఇంటి చుట్టూ గులాబీ మొక్కలు. ఆ ఇంటిని జాకీలు పెట్టి లేపితే నడుం విరుగుతుందని లాగేవాళ్ళే చెప్పారు. విరక్కపోయినా అంత పాత ఇంటిని ఏ పార్కూ రానివ్వదు. అంటే ఇల్లు ఉండీ ఆవిడ వీధిన పడాలి.

టీచరమ్మ బిల్లుని మళ్ళీ తీసింది. ఈసారి కమిటీలో విచారణ పెట్టించింది. యజమానుల తరఫున ఒక డాక్టరు వస్తే మర్యాదగా ఉంటుందని వాళ్ళ సంఘం లాయరు అనుకున్నాడు. మా బావగారిని పిలిచాడు. అద్దెదారుల తరఫున టీచరమ్మ నన్ను పిలిచింది.

ముందు రోజు సాయంత్రం మిగతా ముగ్గురు డాక్టర్లలో ఒకాయన ఫోన్ చేశారు.

"ఏంటమ్మా ఇది? మనమంతా తెలుగువాళ్ళం. మనలో మనకి ఏదైనా ఉంటే కూర్చుని మాట్లాడుకోవాలి గానీ, అమెరికావాళ్ళ ముందు మన పరువు తీస్తావా?"

"అయ్యా, ఆ ముసలామెకి తెలుగు నేర్పిస్తే ఉండనిస్తారా?"

ఆయన ఫోన్ పెట్టేశారు. మా ఆయన ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. "నీదేం పోయింది, నాకున్నది ఒక్క అన్నయ్య" అన్నాడు. నాకూ ఆ బెంగ లేకపోలేదు.

పొద్దున్నే మా కారు స్టార్ట్ కాలేదు. మా తోడికోడలికి ఫోన్ చేస్తే, "ఇద్దరూ పోయేది ఒకే చోటికి. రెండు కార్లు దేనికే, గ్యాసు దండగ. మీ బావగారు పార్కు గేటు బయట ఎక్కించుకుంటారు. పులిహోర కట్టిస్తున్నా, పోట్లాడుకునేముందు తినండి" అంది. అలా ఎదుటి పక్షం కారులోనే బయల్దేరాం. ముందు సీట్లో బావగారు, పక్కన మా ఆయన. వెనక సీట్లో నేను, నా పక్కన పోలిష్ ముసలామె. ఆవిడ ఎవరో బావగారికి చెప్పాల్సింది. కానీ నాకు ఆయనతో మాట లేదు, మా ఆయనకి ధైర్యం చాల్లేదు. "ఫ్రెండు అన్నయ్యా" అన్నాడు.

రోడ్డంతా కరిగిన మంచు బురద. కాసేపయ్యాక బావగారు గొంతు సవరించుకున్నారు.

"ఏరా, మీ ఆవిడ ఇవాళ ఏం చెబుతుందట?"

మా ఆయన వెనక్కి తిరిగాడు. "ఏం చెబుతావని అడుగుతున్నాడు."

"ఉన్నది చెబుతానని చెప్పండి."

"ఉన్నది చెబుతుందట."

"వినపడిందిలే. నేనూ ఉన్నదే చెబుతానని చెప్పు."

"అన్నయ్య కూడా—"

"నాకూ వినపడింది."

ముసలామె నా చెవి దగ్గరికి వంగి, "పాపం, మీ ఆయన ప్రతిదీ రెండోసారి చెబుతున్నాడేం? ఆ పెద్దాయనకి చెవుడా?" అంది. కానీ ఆవిడ గుసగుస కారంతా వినపడేది.

బావగారు నవ్వారు. మనిషి మంచివాడు, ఆ మాట నేనెప్పుడూ కాదనను. అద్దంలో ఆవిడని చూసి, కాళ్ళు అలా చాపి కూర్చున్నారేమని అడిగారు. మోకాళ్ళని ఆవిడ చెప్పింది. ఎన్నాళ్ళనుంచి, మెట్లెక్కితే నొప్పా దిగితే నొప్పా అని డాక్టరు ప్రశ్నలు మొదలయ్యాయి. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. పులిహోర తింటూ అన్నీ చెప్పింది.

"మెట్లు లేని ఇంటికి మారిపోతే మంచిది మేడమ్" అన్నారు బావగారు.

"మారమనే అంటున్నారుగా నన్ను! ఎవరో డాక్టర్లట, మా పార్కు కొన్నారు. నా ఇల్లు వాళ్ళ కంటికి బాగాలేదట. ఒక్కడు కూడా వచ్చి చూసిన పాపాన పోలేదు. ఎప్పుడైనా ఎదురుపడితే నాలుగు అడుగుతాను. మీరు కూడా డాక్టరేగా, మీరు చెయ్యరుగా ఇలాంటి పని?"

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను కిటికీలోంచి పొలాల మీద మంచుని చూశాను. వాన లేదు, ఏం లేదు, బావగారు వైపర్లు వేశారు. రాష్ట్ర రాజధాని వచ్చేదాకా అవి తిరుగుతూనే ఉన్నాయి.

కమిటీ గదిలో మొదట ఆయన్నే పిలిచారు. పేరు చెప్పి, పార్కు యజమానుల్లో ఒకణ్ణని చెప్పగానే వెనకనుంచి ముసలామె, "అయ్యో, మన మోకాళ్ళ డాక్టరు!" అంది. చెయిర్మన్ సుత్తి కొట్టాడు. ఆయన పెద్ద మనిషి, రైతు, చెవుల్లో జుట్టు. బావగారు లాయరు రాసిచ్చింది చదివారు. "నచ్చని పక్షంలో తమ ఇంటిని వేరే చోటికి తరలించుకునే స్వేచ్ఛ వారికి ఎప్పుడూ ఉంది" అన్న వాక్యం దగ్గర ఆగి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టారు.

అప్పుడు నన్ను పిలిచారు. నేను కూర్చోలేదు.

"కూర్చోండమ్మా" అన్నాడు చెయిర్మన్.

"నిలబడతానండీ."

టీచరమ్మ పక్షం సభ్యుడొకడు ఆశగా ముందుకు వంగాడు. "మేడమ్, ఈ యజమాని అంటే మీకు భయమా? ఈయన ముందు కూర్చోవద్దని మీకెవరైనా చెప్పారా?"

పత్రికలవాళ్ళ పెన్నులు లేచాయి. భయమని ఒక్క మాటంటే మర్నాడు పేపర్లో వస్తుంది, బిల్లుకి బలం. నాకది తెలుసు. మా టీచరమ్మకీ తెలుసు. కానీ అబద్ధం.

"భయమైతే ఆయన కారులో ఎందుకొస్తానండీ?" అన్నాను. గది నవ్వింది. "ఆయన మా ఆయన అన్నగారు. మా దాంట్లో ఆయన ముందు కూర్చోం, నేరుగా మాట్లాడం. మర్యాద. మధ్యలో ఎవరైనా ఉండాలి."

చెయిర్మన్‌కి అది తెగ నచ్చింది. "అదే కదా ఇక్కడి రూలు కూడా! ఏమైనా ఉంటే నా ద్వారా అడగండి."

"అయితే చెయిర్మన్ గారూ, మా బావగారిని ఒకటి అడగండి. ఆయన క్లినిక్ ఉన్న బిల్డింగ్ కూడా లీజే. కారణం లేకుండా ఖాళీ చేయించకూడదని ఆ లీజులో షరతు ఉందా?"

ఇది నేను కనిపెట్టిన రహస్యమేం కాదు. ఆ షరతు కోసం ఓనరుతో ఎలా పోట్లాడారో ఆయన ప్రతి భోజనాల దగ్గరా మా ఆయనకి చెప్పేవారు.

చెయిర్మన్ అటు తిరిగాడు. "డాక్టర్ గారూ?"

బావగారు లాయరు కాగితం బోర్లా పెట్టారు. "ఉందండీ."

"ఎందుకు పెట్టించుకున్నారు?"

"ఎక్స్‌రే మెషిన్ నేలకి బోల్టులు వేసి బిగించాం. ఎవరో పొమ్మంటే భుజాన వేసుకుని పోలేను కదా."

అలా అన్నాక, ఏమన్నారో ఆయనకే వినపడినట్టుంది. ఇంకొకరైతే అక్కడ ఆయన్ని పట్టుకుని ఉతికేవాళ్ళు. టీచరమ్మ తన సీట్లోంచి, "చెయిర్మన్ గారూ, నాకు వేరే ప్రశ్నలు లేవు" అంది, అంతే. ఎక్కడ ఆగాలో తెలిసిన మనిషి ఆవిడ. శాసనసభలో ఆవిడ గొప్ప ప్రసంగాలు చాలా విన్నాను. అన్నిటికంటే ఆ మౌనమే గొప్పదంటాను.

బావగారే మళ్ళీ చెయ్యెత్తారు. "చెయిర్మన్ గారూ, నాదో మాట." లాయరు ఆయన కోటు పట్టుకు లాగాడు. ఆయన కోటు లాక్కున్నారు. "అద్దె కట్టనివాణ్ణి, పక్కవాళ్ళని బతకనివ్వనివాణ్ణి ఉంచుకోమంటే మా వల్ల కాదు. ఆ కారణాలు బిల్లులో స్పష్టంగా రాయండి. ఇల్లు పాతదైతే, అది ఉండటానికి పనికొస్తుందో లేదో ఇన్‌స్పెక్టర్ చూసి చెప్పాలి. అందంగా ఉందో లేదో మేం చెప్పకూడదు. అలా రాస్తే నాకు అభ్యంతరం లేదు."

ఆ తర్వాత పెళ్ళి మాటల్లాగే సాగింది. అక్కడో ముక్క తీశారు, ఇక్కడో ముక్క కలిపారు. టీచరమ్మ ఆయన చెప్పిన రెండు సవరణలూ ఒప్పుకుంది. ఒక్క ఓటు తేడాతో బిల్లు కమిటీ దాటింది. వేసవికి ముందే సభ కూడా దాటి చట్టమైంది. ఈలోపల మే నెల రాకుండానే ముసలామె నోటీసుని వెనక్కి తీసుకున్నారు. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, ఇల్లు బాగానే ఉంది, మెట్లకి మాత్రం పట్టుకునే కమ్మీ పెట్టమన్నాడు. అది పెట్టించింది బావగారు. ముగ్గురు భాగస్తులతో ఆయనకి చాన్నాళ్ళు మాటల్లేవు. ఆ ఉగాదికి మమ్మల్ని పిలవనివాళ్ళు ఉన్నారు. పచ్చడి నేను మా ఇంట్లోనే చేసుకున్నాను. మా ఆయనకి ఒక్క అన్నయ్య, ఆయన మిగిలాడు. అది చాలు.

టీచరమ్మ ఆ దశాబ్దమంతా ఇదే పని పట్టుకుంది. ఇల్లు అమ్ముకుంటే కొన్నవాణ్ణి అదే స్థలంలో ఉండనివ్వాలని ఒక బిల్లు. అద్దెదారులు సంఘం పెట్టుకుంటే వేధించకూడదని ఒకటి. లీజు మామూలు మాటల్లో రాసి, చదివి వినిపించి ఇవ్వాలని మరొకటి. ఈ చివరిదాన్ని సభలో పెట్టేముందు నాచేత పైకి చదివించింది. నేను తడబడిన ప్రతిచోటా గీత పెట్టి మార్పించింది. గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ. ఓడిన సాయంత్రం డోనట్ తిని, మర్నాడు ఏ తలుపు కొట్టాలో నాకు చెప్పేది. న్యాయం ఒక్క ఊపులో రాదనీ, ఒక సవరణ, ఇంకో సవరణగా వస్తుందనీ ఆవిడ దగ్గరే చూశాను.

ఇప్పటి పిల్లలకి నేను చెప్పేది ఒకటుంది. మీరు బాగా చదువుకున్నారు, ఇళ్ళూ స్థలాలూ కొంటున్నారు. సంతోషం. మీ నేల మీద ఇంకొకరి ఇల్లుంటే ఒకసారి వెళ్ళి తలుపు కొట్టండి. కాఫీ బాగుండదు. తాగండి.

ఆ మంగళవారం ఆ గదిలో ఉన్నవాళ్ళు వీళ్ళు. పేర్లు రాయను, చాలామంది ఇప్పుడు లేరు. చెవుల్లో జుట్టున్న చెయిర్మన్. నాచేత భయమనిపించాలని చూసిన సభ్యుడు, అతని చుట్టూ మిగతా కమిటీ. కోటు పట్టుకు లాగిన లాయరు. ముందు వరసలో పత్రికలవాళ్ళు ఇద్దరు. తన సీట్లో మా టీచరమ్మ. వెనక గోడకి ఆనుకుని, పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని మా ఆయన. అన్నగారూ భార్యా తను లేకుండానే మాట్లాడుకోవడం ఆయన అదే మొదటిసారి చూడటం. టేబుల్ దగ్గర మా బావగారు, ఆయన పక్కన నిలబడి నేను. మా ఆయన పక్కన పోలిష్ ముసలామె. చేతులెత్తి ఓటేసే వేళకి ఆవిడ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. భుజం తట్టి లేపి, "మేడమ్, మీ ఇల్లు ఎక్కడికీ కదలక్కర్లేదు" అని ఆవిడకి చెప్పింది మా బావగారు. మధ్యలో ఎవరూ లేకుండా, ఆయనే.